రేవులో వేసే లెక్క

(లూకా 14:28-33, అపోస్తలుల కార్యములు 27)



మంగళగిరి గాలిగోపురాన్ని చూడనివారు మనలో ఉండరు. 19వ శతాబ్ది ఆరంభంలో వాసిరెడ్డి వేంకటాద్రి నాయుడు గారు కట్టించిన ఆ 11 అంతస్తుల గోపురం, దూరాన్నుంచి వచ్చేవారికి ఊరికంటే ముందే కనిపిస్తుంది. అంత చిన్న పీఠం మీద అంత ఎత్తు నిలిచిందంటే, పునాది తవ్వక ముందు ఎవరో ఎంత లెక్క వేసి ఉండాలి! లూకా సువార్త 14వ అధ్యాయం చదివినప్పుడల్లా నా కళ్ళకు కట్టేది ఆ గోపురమే. తన వెంట గుంపులుగా వస్తున్నవారిని చూసి ప్రభువు చెప్పిన ఉపమానం మీకు తెలిసిందే. గోపురం కట్టదలచినవాడు ముందు కూర్చుని, తన దగ్గర ఉన్నది సరిపోతుందో లేదో లెక్క చూసుకోడా అని ప్రభువు అడిగారు. మనం ఉపమానంలోని గోపురాన్ని గుర్తుపెట్టుకుంటాం, పునాది వేసి వదిలేసినవాణ్ణి చూసి నవ్విన జనాన్నీ గుర్తుపెట్టుకుంటాం. ఆ ‘కూర్చోవడం’ మాత్రం మరచిపోతాం.

ఈ మధ్య ఒక ఆదివారం దివ్యపూజ ముగిశాక ఒక తల్లి నా దగ్గరకు వచ్చింది. మగ్గం మీద బతికే కుటుంబం. కూతురు విజయవాడలో డిగ్రీ చదువుతూ ఎన్.సి.సి. నౌకా విభాగంలో చేరింది. కృష్ణలో తెరచాప పడవ ఎక్కిన నాటి నుంచి నౌకాదళంలో అధికారిణి కావాలనీ, ఏనాటికైనా మహాసముద్రం దాటాలనీ ఒకటే పట్టు.

“ఫాదర్ గారూ, మా పిల్లకు మీరైనా చెప్పండి. రాత్రీ పగలూ ఆ నోటుపుస్తకంలో సముద్రం లెక్కలే. దేవుణ్ణి నమ్ముకున్న పిల్ల ఇన్ని లెక్కలు వేస్తుందా?” అంది.

ఆ తల్లి మాటలో రెండు బాధలున్నాయి. కూతురు దూరమవుతుందన్నది ఒకటి. లెక్క వేయడమంటే నమ్మకం తక్కువేమోనన్నది రెండోది. మొదటిదానికి నా దగ్గర మందు లేదు. రెండోదాని గురించే ఈ వారం మీతో మాట్లాడదలచాను. ఆ కుటుంబం అనుమతితోనే రాస్తున్నాను.

నోటుపుస్తకం తెప్పించుకుని చూశాను. ‘తారిణి’ అనే పడవ ప్రయాణం గురించి ఆ పిల్ల సేకరించిన వివరాలతో అది నిండిపోయి ఉంది. మీలో కొందరు పత్రికల్లో చదివే ఉంటారు. 2017 సెప్టెంబరు 10న మన నౌకాదళానికి చెందిన ఆరుగురు మహిళా అధికారులు, లెఫ్టినెంట్ కమాండర్ వర్తికా జోషి నాయకత్వంలో, గోవా నుంచి బయలుదేరి భూమిని చుట్టి 2018 మే 21న మళ్ళీ గోవా చేరారు. 254 రోజులు, 21,600 నాటికల్ మైళ్ళు, అంటే 40,000 కిలోమీటర్లు. ఆ ఆరుగురిలో ఇద్దరు మన తెలుగువారు: విశాఖపట్నానికి చెందిన స్వాతి పాతర్లపల్లి, హైదరాబాదుకు చెందిన ఐశ్వర్య బొడ్డపాటి. గోవాలోనే తయారైన ఆ తెరచాప పడవ పొడవు 17 మీటర్లు. మన విచారణ దేవాలయంలో ద్వారం నుంచి పీఠం వరకు నడిస్తే దాదాపు అంతే దూరం. అందులోనే ఆరుగురి వంట, నిద్ర, ప్రార్థన, తగువు, అన్నీ.

భూప్రదక్షిణ అనిపించుకోవాలంటే భూమధ్యరేఖను రెండుసార్లు దాటాలి, దక్షిణాన ఉన్న మూడు పెద్ద అగ్రాలను చుట్టిరావాలి. వాటిలో భయంకరమైనది దక్షిణ అమెరికా కొసన ఉన్న కేప్ హార్న్. అది సుమారు 56 డిగ్రీల దక్షిణ అక్షాంశంలో ఉంది. మన మంగళగిరి ఉత్తరాన 16 డిగ్రీల పైచిలుకులో ఉంది గనక ఆ చలి, ఆ గాలి మన ఊహకు అందవు. భూగోళపు దక్షిణ భాగంలో 40 డిగ్రీలు దాటితే గాలికి అడ్డుపడే నేల దాదాపు లేదు. పడమటి గాలి భూమి చుట్టూ తిరిగి తిరిగి అలలను పెంచుతూనే ఉంటుంది. పూర్వపు నావికులు ఆ నలభైలను గర్జించేవని, యాభైలను ఉగ్రమైనవని, అరవైలను అరిచేవని పిలిచారు.

తుఫాను అంటే ఏమిటో కృష్ణా తీరంవారికి ఒకరు చెప్పనక్కర లేదు. 1977 నవంబరు 19 నాటి దివిసీమ ఉప్పెనలో మనవారు వేలల్లో పోయారు. కాని మన తుఫాను ఏడాదిలో కొన్ని నెలల్లో వస్తుంది, తీరం దాటుతుంది, చల్లారుతుంది. దక్షిణ మహాసముద్రంలో వాయుగుండాలు ఒకదాని వెనుక ఒకటి ఏడాది పొడవునా వస్తూనే ఉంటాయి. రేవులో ప్రమాద సూచిక ఎగరేసి పడవలను ఆపడానికి అక్కడ రేవే లేదు.

అలాంటిచోటికి చిన్న పడవలో వెళ్ళేవారు ఎలా సిద్ధపడతారు? ఆ పిల్ల పుస్తకం నాకు నేర్పిన మొదటి సంగతి ఇది: లెక్క బయలుదేరే చోట మొదలుకాదు. అన్నిటికంటే ప్రమాదమైన చోట మొదలై వెనక్కి నడుస్తుంది. కేప్ హార్న్‌ను అక్కడి వేసవిలో, అంటే మన డిసెంబరు, జనవరి, ఫిబ్రవరి నెలల్లో దాటాలి. అందుకోసం ఫలానా నెలలో న్యూజిలాండు విడవాలి. దానికోసం ఆస్ట్రేలియా. దానికోసం వర్షాకాలం సద్దుమణిగే సెప్టెంబరులో గోవా. తారిణి సరిగ్గా అలాగే నడిచి 2018 జనవరిలో హార్న్ దాటింది. న్యూజిలాండులోని లిటిల్టన్ రేవు నుంచి ఫాక్‌లాండ్ దీవులలోని పోర్ట్ స్టాన్లీ వరకు 40 రోజులు నేల కనిపించలేదు. ఆ ఏడు క్రిస్మస్ వారికి ఆ నీళ్ళమీదే గడిచింది. మనం పశువుల పాక అలంకరించుకుంటున్న రోజుల్లో, వంతులవారీగా మేలుకుని చుక్కాని పట్టుకున్నారు. పసిఫిక్‌లో ఒక దశలో గాలి 60 నాట్లకు, అంటే గంటకు 110 కిలోమీటర్లకు చేరింది. అలలు ఏడు మీటర్లు లేచాయి.

రెండో సంగతి, వాయుగుండం నుంచి తెరచాప పడవ పరుగెత్తి తప్పించుకోలేదు. వాయుగుండమే వేగంగా వస్తుంది. కనుక దానికి ఏ పక్కన ఉండాలో ముందే ఎంచుకోవాలి. ఆ అర్ధగోళంలో వాయుగుండానికి ఉత్తరపు పక్కన గాలి పడమటి నుంచి వీస్తుంది, తూర్పుకు పోయేవారికి అది తోడు. దక్షిణపు పక్కకు జారితే గాలి ముఖంమీద కొడుతుంది. పైగా ఎంత దక్షిణానికి దిగితే దారి అంత దగ్గర, మంచుకొండలూ అంత దగ్గర. ‘ఈ అక్షాంశం దాటి కిందికి దిగం’ అని రేవులో ఉండగానే గీత గీసుకుంటారు. ఎందుకు రేవులోనే? నాలుగు రాత్రులు నిద్రలేక, తడిసి, వణుకుతున్న మనిషి బుద్ధికి దగ్గరి దారి ఎప్పుడూ మంచిదిగానే కనిపిస్తుంది గనక.

ఇక మిగతావి చిన్నవిగా కనిపిస్తాయి గాని ప్రాణం వాటిమీదే ఉంటుంది. పడవ బోర్లాపడినా తిరిగి లేవడానికి అడుగున బరువు. లోపలి పెట్టెల మూతలన్నిటికీ గట్టి గొళ్ళేలు, లేకపోతే పడవ తిరగబడ్డప్పుడు వంటపాత్ర కూడా ఆయుధమే. పెనుగాలికి వాడే చిన్న, మందపాటి తెరచాప. ఒకటి చెడితే ఇంకొకటి అన్నట్టుగా రేడియోలు. పటకా నడుముకు కట్టి, దాని తాడు కొక్కేన్ని పడవకు తగిలించకుండా ఎవరూ పైకి రాకూడదన్న నియమం. ఆ చల్లటి నీళ్ళలో పడ్డవారిని వెతికి వెనక్కి తిరిగేలోపే ఆలస్యమైపోతుంది. సహాయానికి వచ్చే ఓడ రోజుల దూరంలో ఉంటుంది.

ఇది కాగితం మీది చదువుతో వచ్చేది కాదు. 2009-10లో మన దేశం నుంచి మొదటిసారి ఒంటరిగా భూమిని చుట్టివచ్చిన కెప్టెన్ దిలీప్ దోండే ఈ ఆరుగురికి శిక్షణ ఇచ్చారు. వారు ముందుగా ‘మాదేయి’ అనే పడవలో మారిషస్ వెళ్ళివచ్చారు, 2016 డిసెంబరులో గోవా నుంచి కేప్‌టౌన్ వరకు వెళ్ళారు. చిన్న సముద్రం, తర్వాత పెద్ద సముద్రం. మన నేతగాళ్ళకు ఇది వింత కాదు. పడుగులో పోగుల లెక్క మగ్గం ఎక్కించకముందే తేలాలి. నాడె ఆడటం మొదలయ్యాక ‘ఇంకో వంద పోగులు కావాలి’ అంటే కుదరదు.

ఇప్పుడు ఆ తల్లి ప్రశ్నకు వద్దాం. దేవుణ్ణి నమ్ముకున్నవారు ఇన్ని లెక్కలు వేస్తారా?

ప్రభువు తుఫానులో పడవ వెనుక భాగాన నిద్రపోయిన సంగతిని ఎవరో ఒకరు వెంటనే గుర్తుచేస్తారు. నిజమే. కాని ఆయన ఎవరి పడవలో నిద్రపోయారు? ఆ సరస్సు గాలినీ నీటినీ పుట్టినప్పటి నుంచి ఎరిగిన జాలరుల పడవలో. ఈత రాని నలుగురిని పోగేసి చుక్కాని లేని దోనె ఎక్కలేదు. అంతకుముందు శోధకుడు దేవాలయ శిఖరం మీద నిలబెట్టి దూకమన్నప్పుడు, దూతలు పట్టుకుంటారన్న లేఖనాన్ని కూడా చూపించాడు. ప్రభువు దూకలేదు. తండ్రిని నమ్మడం వేరు, తండ్రిని పరీక్షించడం వేరు అని ఆ రోజే తేల్చారు. మనలో చాలామంది ‘దేవుడు చూసుకుంటాడు’ అనే మాటను శిఖరం మీద నిలబడే అంటున్నామేమో, కొంచెం ఆలోచించండి.

పునీత పౌలు గారి చివరి ప్రయాణం చదవండి. అపోస్తలుల కార్యములు 27వ అధ్యాయం తీరికగా చదివితే అరగంట పట్టదు. ఖైదీగా ఆయనను రోముకు తీసుకుపోతున్నారు. ఓడ క్రేతు దీవిలో మంచిరేవులు అనే చోట ఆగింది. యూదుల ప్రాయశ్చిత్త దినపు ఉపవాసం అప్పటికే గడిచిపోయింది. అంటే శరత్కాలం. ఆ కాలపు నావికులు సెప్టెంబరు మధ్య నుంచే మధ్యధరా సముద్రాన్ని అపాయంగా ఎంచేవారు, నవంబరు నుంచి మార్చి దాకా మూసివేసినట్టే భావించేవారు. పౌలు లేచి, ఈ ప్రయాణం వల్ల సరకుకూ ఓడకూ ప్రాణాలకూ నష్టం వస్తుందని చెప్పారు. ఆయనకు దర్శనం వచ్చిందని అక్కడ రాయలేదు, గమనించండి. దూత కనిపించడం తర్వాతి కథ. అప్పుడు ఆయన చెప్పింది అనుభవం. అంతకుముందే మూడుసార్లు ఓడ పగిలి, ఒక రాత్రీ ఒక పగలూ నడిసముద్రంలో గడిపినట్టు ఆయనే కొరింతీయులకు రెండో లేఖలో రాసుకున్నారు.

విన్నారా? లేదు. శతాధిపతి జూలియస్ చెడ్డవాడు కాదు. ఓడ నడిపేవాడి మాట, ఓడ యజమాని మాట నమ్మాడు. పైగా ఆ రేవు చలికాలం గడపడానికి సౌకర్యంగా లేదు. ఎక్కువమంది పోదామనే అన్నారు. ఆపైన దక్షిణపు గాలి మెల్లగా వీచింది. ఇంకేముంది, అనుకున్నది సమకూరిందనుకుని లంగరు ఎత్తారు. నన్ను ఎక్కువగా కలవరపెట్టేది ఆ మెల్లని గాలే. అప్పు తొందరగా పుట్టింది కాబట్టి దేవుని చిత్తం. వీసా మొదటిసారే వచ్చింది కాబట్టి దేవుని చిత్తం. సంబంధం వెతక్కుండానే కుదిరింది కాబట్టి ఆరా తీయనక్కర లేదు. మన ఇళ్ళలో ఎన్ని ఓడలు ఆ మెల్లని దక్షిణపు గాలికి కదిలాయి!

తర్వాతి కథ మీకు తెలుసు. ఈశాన్యపు పెనుగాలి, సూర్యుడూ చుక్కలూ కనబడని దినాలు, సరకు పారవేయడం, చేతులారా ఓడ సామగ్రిని నీళ్ళపాలు చేయడం. అప్పుడు పౌలు ఒక్కసారి మాత్రం, నా మాట వినవలసింది అని గుర్తుచేశారు. అక్కడే ఆగిపోలేదు. ధైర్యం చెప్పారు. పద్నాలుగో రాత్రి నావికులు చిన్న పడవ దించి పారిపోజూస్తే పట్టించారు. తెల్లవారేటప్పుడు రొట్టె తీసుకుని, అందరి ఎదుట దేవునికి కృతజ్ఞత చెప్పి, విరిచి తిన్నారు. ఓడలో 276 మంది. అందరూ మాల్టా ఒడ్డు చేరారు.

ఇక్కడ నా సంగతి ఒకటి చెప్పక తప్పదు. చాలా ఏళ్ళ కిందట, నేను ఇంకొక విచారణలో ఉన్నప్పుడు, ఒక నేత కార్మికుడు అప్పుచేసి ఒక్కసారే నాలుగు మగ్గాలు వేయదలచి ఆశీర్వాదం కోసం వచ్చాడు. ఒక పండుగ సీజనులో అతనికి మంచి ఆర్డర్లు వచ్చాయి. అదే వీధిలో అప్పటికే మగ్గాల చప్పుడు తగ్గిపోతోందని నాకు తెలుసు. వడ్డీ ఎంతో కూడా చెప్పాడు. నా మనసులో ఒక ముల్లు కదిలింది. అయినా ఇంత ఆశతో వచ్చినవాణ్ణి నిరుత్సాహపరచడం గురువుకు తగునా అనుకున్నాను. ధైర్యంగా సాగు నాయనా, దేవుడు చూసుకుంటాడు అన్నాను. మగ్గాల మీద పవిత్రజలం చల్లాను, వాళ్ళింట్లో పాయసం తిన్నాను.

రెండేళ్ళలో మూడు మగ్గాలు అమ్మేశాడు. ఒక్క మాట నన్ను నిందించలేదు, పూజకు రావడం మానలేదు. ఒకరోజు మాత్రం వరండాలో నిలబడి అడిగాడు: “ఫాదర్ గారూ, ఆ రోజు మీకేమైనా అనుమానం తోచిందాండీ?”

తోచిందన్నాను.

“చెప్పవలసింది కదండీ,” అన్నాడు. అంతే.

పౌలు మాట వాళ్ళు వినలేదు, నిజం. కాని ఆయన రేవులో ఉండగా చెప్పారు. నేను రేవులో నోరు మూసుకుని, సముద్రంలో ఓదార్చడానికి వెళ్ళినవాణ్ణి. తల్లిదండ్రులారా, పెద్దలారా, తోటి గురువులారా, మన మౌనాన్ని మనం ప్రేమ అనుకుంటున్న చోట్లు ఎన్ని ఉన్నాయో చూసుకోండి.

అలాగని లెక్క వేసినవాడికి ఆపద రాదని చెబితే అది అబద్ధం. 2012-13లో ఎక్కడా ఆగకుండా ఒంటరిగా భూమిని చుట్టివచ్చిన అభిలాష్ టామీ ఎంత సిద్ధపడిన మనిషి! 2018 సెప్టెంబరులో, మళ్ళీ ఒంటరి పందెంలో ఉండగా, దక్షిణ హిందూ మహాసముద్రపు తుఫానులో ఆయన పడవ స్తంభం విరిగింది, వెన్నెముకకు దెబ్బ తగిలి కదలలేకపోయారు. కాని సందేశ పరికరం పనిచేసింది. మూడో రోజున ఒక ఫ్రెంచి నౌక వచ్చి ఎత్తుకుంది. ఆయన లెక్క తుఫానును ఆపలేదు, రక్షించేవారికి దారి తెరిచి ఉంచింది. 2022లో అదే పందెంలో మళ్ళీ బయలుదేరి 2023లో రెండో స్థానంలో ముగించారు. తారిణి కూడా కేప్‌టౌన్ దాటాక చుక్కాని యంత్రాంగం చెడి, అనుకోకుండా మారిషస్‌లో ఆగింది. ఆ మరమ్మతును ఎవరూ ఓటమి అనలేదు. అదే పడవ 2024 అక్టోబరు 2న దిల్నా, రూప అనే ఇద్దరు అధికారిణులతో మళ్ళీ వెళ్ళి 2025 మే 29న తిరిగివచ్చింది.

నోటుపుస్తకం తిరిగి ఇస్తూ ఆ పిల్లను ఒకటే అడిగాను: “పడవకు మారిషస్ రాశావు, బాగుంది. నీకేదమ్మా?”

అర్థం కాలేదు. పరీక్ష తప్పితే ఎన్నిసార్లు రాస్తావు, ఎంత ఖర్చయితే ఆపుతావు, ఆపితే ఏ రేవుకు పోతావు అన్నాను. ఆ పేజీ పుస్తకంలో లేదు. నాకు తెలిసిన ఇంకొక సంగతి కూడా ఉంది. కోచింగు కోసం తండ్రి ఉన్న రెండు మగ్గాలలో ఒకటి అమ్మాలనుకుంటున్నాడు. ఆ మాట పాపసంకీర్తనంలో కాక దారిలో కలిసినప్పుడు చెప్పాడు, కనుక ఆయనను పిలిచి, పిల్లకు నువ్వే చెప్పు, చెప్పకపోతే నా అనుమానం నేను నీ ఎదుటే చెబుతాను అన్నాను. ఆయనకు కోపం వచ్చింది. వచ్చే పూజకు రాడేమో అనుకున్నాను.

వచ్చాడు. ముగ్గురూ వచ్చారు. పుస్తకంలో కొత్త పేజీ ఉంది. రెండు ప్రయత్నాలు, ఒక సంవత్సరం గడువు, ఆ తర్వాత బి.ఇడి. మగ్గం అమ్మకూడదు అన్న మాట కింద రెండు గీతలు. అడుగున మూడు సంతకాలు.

“నాకు భయం పోయిందని కాదు ఫాదర్ గారూ,” అంది తల్లి. చెంగు ముడి విప్పి, సముద్రతారయైన మరియతల్లి పేర ఒక పూజ చెప్పించమని డబ్బు ఇచ్చి, ఏ తేదీన వీలవుతుందో రాసి ఇవ్వమంది.